దసరా నుంచి కార్తీకం దాకా చెరువు గట్టున: వలస గద్దలు, అరుదైన నీటి పక్షులు చూడటం ఎలా

దసరా సెలవులు వచ్చేసరికి మా హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల మీద ఆకాశం మారిపోతుంది, కానీ చాలామంది ఇది గమనించరు. వలస పక్షులంటే డిసెంబర్, జనవరి అని మనకి అలవాటైపోయింది. ఫొటోలకైతే అది నిజమే, అప్పుడు చాలా బాతులు మంచి రంగుల్లో ఉంటాయి, చలి కూడా బాగుంటుంది. కానీ రాకపోకలు అసలు జరిగేది సెప్టెంబర్ చివర్నించి నవంబర్ చివరి దాకా. ఈ వారం ఉన్నది వచ్చే వారం ఉండదు, నిన్న లేనిది ఇవాళ పొద్దున మత్తడి (అలుగు) పక్కన నిలబడి ఉంటుంది. ఈ రెండు నెలల్ని ఎలా వాడుకోవాలో నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నా. నేను తిరిగేది ఎక్కువగా గండిపేట, హిమాయత్ సాగర్, మంజీరా వైపు కాబట్టి ఉదాహరణలు అక్కడివే, పద్ధతి మాత్రం మీ ఊరి చెరువుకీ ఇదే.

ముందు ఒక్క చెరువు పట్టుకోండి

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఈ వారం కొల్లేరు, వచ్చే వారం పులికాట్, ఆ పై వారం మంజీరా అని తిరుగుతారు. తప్పు కాదు, ఆ చోట్లన్నీ చూడాల్సినవే. కానీ అరుదైన పక్షిని గుర్తుపట్టాలంటే ముందు అక్కడ రోజూ ఉండేవి ఏంటో తెలియాలి, అది ఒకే చెరువుకి పది సార్లు వెళ్తేనే తెలుస్తుంది. ఇంటి నుంచి అరగంటలో చేరుకోగలిగే చెరువు ఒకటి చూస్కోండి. అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం గుర్తింపు వచ్చింది, నగరం అంచున అపార్ట్‌మెంట్ల మధ్య ఉన్న చెరువు అది. అలాంటి చోట కూడా ఫ్లెమింగోలు దిగిన సందర్భాలున్నాయి. అడవిలోకే వెళ్ళాలని ఏమీ లేదు.

చెరువు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది నీళ్ళ విస్తీర్ణం కాదు, అంచులు. రాతి కట్టతో నిటారుగా, లోతుగా ఉన్న అంచు దగ్గర నీటికాకులు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. నీళ్ళు మెల్లగా పలచబడుతూ బురదగా, తర్వాత తుంగ, జమ్ముగా, ఆ తర్వాత శిఖం భూమిలో (నీళ్ళు తగ్గితే తేలే చెరువు నేల) గడ్డిగా మారే వైపు ఉంటుంది చూడండి, పక్షులన్నీ అక్కడే. బురదలో ఉల్లంకులు (శాండ్‌పైపర్ లాంటి ఒడ్డు పక్షులు), తుంగ మీద హారియర్లు (తక్కువ ఎత్తులో ఎగిరే గద్దలు), గడ్డిలో కెస్ట్రెల్ (చిన్న డేగ). గుర్రపు డెక్క మొత్తం కమ్మేసిన చెరువైతే బాతులకి నీళ్ళు కనపడవు, అలాంటిది వదిలేయండి.

ఇక్కడ ఒక తిరకాసుంది. మన దక్కన్ చెరువులు అక్టోబర్‌లోనే నిండుగా ఉంటాయి. వానలు బాగా పడిన ఏడు బురద తేలదు, బురద లేకపోతే ఉల్లంకులు లేవు. 2020 అక్టోబర్‌లో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తాల్సి వచ్చింది గుర్తుందా, అలాంటి ఏడు పెద్ద జలాశయాల్ని గద్దల కోసం పెట్టుకుని, చిన్న ఉల్లంకుల కోసం పొలాల మధ్య ఉన్న కుంటలకీ, నీళ్ళు పెట్టిన వరి మళ్ళకీ వెళ్ళాలి. వానలు తక్కువైన ఏడు దీనికి తలకిందులు.

ఎప్పుడు ఏవి వస్తాయి

మొదట వచ్చేవి ఉల్లంకులు. ఆగస్టులోనే, మనం ఇంకా వానాకాలం అనుకుంటుండగానే, వుడ్ శాండ్‌పైపర్ లాంటివి దిగిపోతాయి. బాతుల్లో ముందు గార్గేనీ, సెప్టెంబర్‌లోనే కనిపించొచ్చు. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో మార్ష్ హారియర్, ఆస్ప్రే (చేపల గద్ద), ఆ వెంటే మాంటేగూస్ హారియర్, పాలిడ్ హారియర్, కెస్ట్రెల్, బూటెడ్ ఈగిల్. సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు (షవెలర్) అక్టోబర్, నవంబర్‌లలో. పట్టెతల బాతులు, అంటే హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే బార్ హెడెడ్ గూస్, నవంబర్ దాటాక. వీటిని 7 వేల మీటర్ల పైన ఎగురుతుండగా ట్రాకర్లతో రికార్డ్ చేశారు, అంత దూరం వచ్చి మన మంజీరా ఒడ్డున గడ్డి మేస్తుంటే చూడటం నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరించే సంగతి.

అన్నట్టు, ఒక మాట. పేపర్లలో ప్రతి ఏడూ "సైబీరియా కొంగలు వచ్చేశాయి" అని వస్తుంది, కింద ఫొటోలో చూస్తే నత్తగుల్ల కొంగలో, ఎర్రకాళ్ళ కొంగలో, గూడబాతులో ఉంటాయి. తేలినీలాపురం, నేలపట్టు, ఉప్పలపాడు ఈ మూడు చోట్లా గూళ్ళు కట్టేవి ఎక్కువగా ఇలాంటివే, ఇవి సైబీరియా నుంచి రావు, మన దేశంలోనే నీళ్ళని బట్టి చోటు మారుతుంటాయి. వాటి గొప్పతనం దీంతో తగ్గదు, పైగా గూడు కట్టేది, పిల్లల్ని పెంచేది మన ఊళ్ళలోనే కాబట్టి మన బాధ్యత ఇంకా ఎక్కువ.

ఏం తీసుకెళ్ళాలి

బైనాక్యులర్స్ 8×42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మి.మీ. ఉండేది. 10× అయితే ఇంకా దగ్గరగా కనిపిస్తుంది కదా అని అందరూ అడుగుతారు, కనిపిస్తుంది, కానీ చెయ్యి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది, చూపు వెడల్పు తగ్గుతుంది, ఎగిరే గద్దని లోపలికి పట్టుకోవడం కొత్తవాళ్ళకి కష్టమవుతుంది. చెరువు మధ్యలో ఉన్న బాతుల కోసం స్పాటింగ్ స్కోప్ (స్టాండ్ మీద పెట్టి చూసే చిన్న టెలిస్కోప్) ఉంటే చాలా తేడా ఉంటుంది కానీ ఖరీదు ఎక్కువ, మొదటి ఏడు కొనొద్దు. గ్రూప్ వాక్‌లకి వెళ్తే ఎవరో ఒకరు తెస్తారు, అడిగితే చూడనిస్తారు. హైదరాబాద్‌లో 1980 నుంచి నడుస్తున్న పక్షి ప్రేమికుల సంఘం ఉంది, ఇప్పుడు దక్కన్ బర్డర్స్ అంటారు, వాళ్ళ నడకలకి వెళ్తే చాలా నేర్చుకోవచ్చు.

బైనాక్యులర్స్ కొన్నాక అందరూ వదిలేసే పని ఒకటుంది. కుడి కన్ను మూసి, మధ్యలో ఉన్న చక్రం తిప్పుతూ ఎడమ కంటికి ఏదైనా బోర్డు మీద అక్షరాలు స్పష్టంగా కనపడేలా చేయండి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గర ఉన్న రింగు మాత్రమే తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేయండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి, ఇక అది కదపక్కర్లేదు. ఇది చేయకుండా ఏళ్ళ తరబడి మసక మసకగా చూస్తూ "నా బైనాక్యులర్ మంచిది కాదు" అనుకునేవాళ్ళని చూశాను. కళ్ళద్దాలున్నవాళ్ళు కంటి రబ్బరు కప్పుల్ని కిందికి మడవండి.

ఇంకా టోపీ, నీళ్ళు, మట్టిరంగు చొక్కా, చిన్న నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను ఎందుకొద్దంటే మంచు తడికి కాగితం మీద ఇంకు అలుక్కుపోతుంది.

పొద్దున ఎక్కడ నిలబడాలి

సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి, మిగతావన్నీ తర్వాత. ఎదురెండలో చూస్తే ప్రతి పక్షీ నల్లటి బొమ్మే. మూసీ పడమటి నుంచి తూర్పుకి పారుతుంది కాబట్టి గండిపేట కట్ట తూర్పు వైపు ఉంటుంది, పొద్దున కట్ట వైపు నుంచి చూస్తే ఎండ వెనక్కి పడుతుంది. సాయంత్రం దీనికి వ్యతిరేకంగా నీళ్ళు మొదలయ్యే పడమటి కొస వైపు వెళ్ళాలి. మీ చెరువుకి ఏ వైపు ఏంటో ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ముందు రోజు రాత్రే చూస్కోండి.

అక్టోబర్‌లో మనకి పొద్దు పొడిచేది ఆరుంపావు లోపే. ఆరింటికల్లా గట్టు మీద ఉండాలి. మొదటి రెండు గంటలు నీటి పక్షులకి, తక్కువ ఎత్తులో ఎగిరే హారియర్లకి. తొమ్మిది దాటాక నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, అప్పుడు పెద్ద గద్దలు రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైకెక్కుతాయి. చాలామంది టిఫిన్ టైమైందని సరిగ్గా అప్పుడే వెళ్ళిపోతారు. ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని వెళ్ళండి, పదకొండు దాకా ఉండండి. పదకొండు తర్వాత నీళ్ళ మీద ఎండమావిలాగా గాలి వణుకుతుంది, దూరం పక్షులు చూసి లాభం లేదు.

వెళ్ళగానే కదలకుండా పది నిమిషాలు నిలబడండి, చెట్టో బండో చాటు ఉంటే ఇంకా మంచిది. తర్వాత ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా, ముందు నీటి అంచు, తర్వాత నీళ్ళ మధ్య, తర్వాత ఎండిన మోళ్ళు, కరెంటు టవర్లు, చివరికి చెట్ల పైన ఉండే ఆకాశపు పట్టీ. ఇదే మళ్ళీ మళ్ళీ.

బాతులే చెబుతాయి

గద్దని వెతకడం కంటే నీళ్ళ మీద పక్షుల్ని గమనించడం మేలు, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. తల మీంచి నల్ల గద్ద, అంటే మనం రోజూ చూసే మామూలు గద్ద, వెళ్తే బొల్లికోళ్ళు తల కూడా ఎత్తవు. మార్ష్ హారియర్ తుంగ మీదుగా రాగానే అప్పటిదాకా విడివిడిగా తిరుగుతున్నవన్నీ దగ్గరికి జరిగి ఒకే నల్లటి ముద్దలాగా అయిపోతాయి. చిన్న ఉల్లంకులన్నీ ఒక్కసారిగా లేచి గుంపుగా బిగుసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాయంటే వెంటనే పైకి చూడండి, పెరిగ్రిన్ ఫాల్కన్ అయ్యే అవకాశం బాగా ఉంటుంది.

కంటితో గద్ద కనపడగానే తల దించి బైనాక్యులర్ వెతుక్కోకండి. చూపు దాని మీదే ఉంచి బైనాక్యులర్‌ని కళ్ళ దగ్గరికి తేవాలి. ఇది చేతికి అలవాటవ్వాలి, ఇంటి డాబా మీద మామూలు గద్దల మీద వారం రోజులు ప్రాక్టీస్ చేయండి.

ముందు నల్ల గద్దని చదవండి

నల్ల గద్ద తోక చీలి ఉంటుంది, ఎగురుతూ ఆ తోకని చుక్కానిలాగా మెలితిప్పుతూ ఉంటుంది. దీన్ని ఎన్ని కోణాల్లో వీలైతే అన్ని కోణాల్లో చూడండి, పక్క నుంచి, కింద నుంచి, తోక విప్పినప్పుడు, రెక్క ఈకలు ఊడినప్పుడు. తోక మొత్తం విప్పితే చీలిక కనపడదు, అప్పుడే అందరూ మోసపోయి ఏదో ఈగిల్ అనుకుంటారు. నల్ల గద్ద బాగా తెలిస్తే దానికి భిన్నమైనది వచ్చినప్పుడు పేరు తెలియకపోయినా "ఇది అది కాదు" అని మనసు చెప్తుంది. అక్కడి నుంచి మొదలు.

మార్ష్ హారియర్ తుంగ మీద నాలుగైదు మీటర్ల ఎత్తులో, నాలుగు సార్లు రెక్క కొట్టి, రెక్కలు పైకెత్తి లోతు తక్కువ "వి" ఆకారంలో పెట్టుకుని జారుతుంది. ఆడది ముదురు గోధుమ రంగు, తల మీద మీగడ రంగు టోపీ. శిఖం గడ్డి మీద సన్నగా, తేలిగ్గా తిరుగుతూ నడుము దగ్గర తెల్ల మచ్చ కనపడితే అది మాంటేగూస్ లేదా పాలిడ్ ఆడపక్షి. ఈ రెండిట్లో ఏదో తేల్చడం నిపుణులకి కూడా కష్టమే, ఫొటో లేకపోతే రెండిట్లో ఒకటి అని రాసుకోండి, బలవంతంగా పేరు పెట్టకండి.

బూటెడ్ ఈగిల్ లేత రంగుదైతే ఎదురుగా వస్తున్నప్పుడు మెడకి అటూ ఇటూ రెక్క మొదట్లో రెండు తెల్ల చుక్కలు, బండి హెడ్‌లైట్లు వేసుకున్నట్టు. నేల మీదుగా గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడితే మూడు అనుమానాలు: ఎర్రమట్టి రంగు వీపు ఉంటే కెస్ట్రెల్, తెల్లగా చిన్నగా భుజాల మీద నల్ల మచ్చతో ఉంటే ఇక్కడే ఉండే బ్లాక్ వింగ్డ్ కైట్, పెద్దగా బరువుగా ఉంటే పాముల గద్ద. గరుడ పక్షిని తెల్ల తల, ఇటుక రంగు ఒళ్ళు చూసి ఎవరైనా గుర్తుపడతారు, దాని తోక గుండ్రంగా ఉంటుంది.

అముర్ ఫాల్కన్ గురించి చాలామంది అడుగుతారు. నాగాలాండ్ దోయాంగ్ జలాశయం దగ్గర అక్టోబర్, నవంబర్‌లలో లక్షల్లో దిగే చిన్న డేగ అది. 2013లో అక్కడ మూడింటికి శాటిలైట్ ట్యాగ్ కట్టారు, నాగా, వోఖా, పాంగ్టీ అని పేర్లు పెట్టారు. అవి మన ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా వెళ్తాయి. మన మీంచి ఎక్కువగా ఆగకుండా దాటిపోతాయి. నవంబర్‌లో ముసురు పట్టిన మర్నాడు పొలాల మధ్య కరెంటు తీగల్ని ఒక్కొక్కటీ చూడండి, మనకున్న అవకాశం అదే.

ఆస్ప్రే

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నన్ను ఈ దారిలోకి తెచ్చింది ఇదే. హిమాయత్ సాగర్ వెనక వైపు వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన "ఏం చూస్తున్నవ్ బిడ్డా" అని అడిగాడు. గద్దల కోసం వచ్చానన్నాను. "చేపల గద్ద గావాల్నా? గా ఎండిన మోడు మీద కూసుంటది, ఇప్పుడొస్తది చూడు" అన్నాడు, పావుగంటలో వచ్చింది. అప్పటి నుంచి ఏ చెరువుకి వెళ్ళినా ముందు చేపలు పట్టేవాళ్ళని పలకరిస్తాను.

కింద నుంచి తెల్లగా, కంటి మీంచి మెడ దాకా నల్లటి పట్టీ, రెక్కలు మణికట్టు దగ్గర వంగి ముందు నుంచి చూస్తే పరిచిన "ఎమ్" అక్షరంలాగా. నీళ్ళ మీద ఇరవై ముప్ఫై మీటర్ల ఎత్తులో ఆగింది, రెక్కలు బరువుగా కొట్టింది, కాస్త దిగి మళ్ళీ ఆగింది, ఇక రెక్కలు వెనక్కి ముడిచి పడిపోయింది. చివరి క్షణంలో కాళ్ళు ముందుకొచ్చాయి, నీళ్ళు చిమ్మాయి, ఒక్క క్షణం రెక్కలు తప్ప ఏమీ కనపడలేదు. లేచాక గాల్లోనే కుక్క దులుపుకున్నట్టు ఒళ్ళంతా దులుపుకుంది. అప్పుడు కాళ్ళు చూశాను: ఒక కాలు ముందు, ఒకటి వెనక, చేప తల ఎగిరే వైపుకే తిరిగి ఉంది. గాలి అడ్డు తగ్గడానికి అలా పట్టుకుంటుంది. జారకుండా దాని కాలి అడుగు గరుకుగా ఉంటుంది, బయటి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది. ఇది చూడాలంటే మీకు కావాల్సింది ఒక మోడు, దానికి ఎదురుగా రెండు గంటల ఓపిక.

మట్టిరంగు బాతులు

అక్టోబర్‌లో బాతుల దగ్గర అందరూ తికమక పడతారు. పుస్తకంలో మగ గార్గేనీకి కంటి మీద తెల్ల గీత, సూదితోక మగబాతుకి చాక్లెట్ రంగు తల ఉంటాయి, చెరువులో చూస్తే అన్నీ మట్టిరంగే. కారణం, గుడ్లు పెట్టే కాలం అయ్యాక మగబాతులు ఈకలు రాల్చి ఆడబాతుల వేషంలోకి మారతాయి, అదే వేషంలో మన దగ్గరికి వస్తాయి, చాలావరకు డిసెంబర్‌కి మళ్ళీ రంగులు తొడుగుతాయి, గార్గేనీ మాత్రం ఇంకా ఆలస్యం. కాబట్టి ఈ నెలల్లో రంగు వదిలేసి ఆకారం చూడండి. ముక్కు గరిటెలా ఒంటికి మించి ఉంటే షవెలర్. మెడ పొడుగ్గా సన్నగా, తోక మొనదేలి ఉంటే సూదితోక. చిన్నగా, ముఖం మీద చారలతో ఉంటే గార్గేనీ. ముక్కు చివర పసుపు ఉంటే వలసది కాదు, ఇక్కడి మచ్చముక్కు బాతు.

నారింజ ఇటుక రంగులో జంటగా ఒడ్డున నిలబడి పీకలోంచి "ఆంగ్" అని అరిచే పెద్ద బాతు కనపడితే ఒక్క నిమిషం ఆగి చూడండి. అది జక్కవ, మన కవులు రాత్రయితే జంట విడిపోతుందని పాడిన చక్రవాకం. చిన్నప్పుడు తెలుగు క్లాసులో పద్యంలో చదివిన పక్షి కళ్ళముందు బురదలో కాళ్ళు కడుక్కుంటుంటే అదొక వేరే అనుభూతి.

ఉల్లంకుల్లో కాళ్ళ రంగు ముందు చూడండి. పిడికెడంత పక్షికి నల్ల కాళ్ళుంటే లిటిల్ స్టింట్, పసుపు పచ్చ కాళ్ళుంటే టెమింక్స్ స్టింట్. వంద స్టింట్ల మధ్య ఒకటి కాస్త పెద్దగా, ముక్కు కొంచెం వంకరగా ఉంటే అక్కడ ఆగండి. అరుదైనవి దొరికేది ఇలా మామూలువాటి మధ్యే. కాకినాడ వైపు వాళ్ళకైతే కోరింగ ఉంది, కింది ముక్కు పొడుగ్గా ఉండి నీళ్ళని కోసుకుంటూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్ అక్కడి ఇసుక తిన్నెల మీదికి వస్తుంది, ప్రపంచంలోనే కొద్దిగా మిగిలిన పక్షి.

అరుదైనది కనపడితే

ముందు ఫోన్‌లో యాప్ తెరవకండి. యాప్ చూపించిన బొమ్మ చూశాక మన కళ్ళు ఆ బొమ్మనే చూడటం మొదలుపెడతాయి. ఏ కెమెరాతోనైనా రెండు ఫొటోలు తీసి, నోట్‌బుక్‌లో రాయండి: టైమ్, ఎండ ఏ వైపు, ఎంత దూరం, పక్కన ఉన్న తెలిసిన పక్షి కంటే పెద్దదా చిన్నదా, ముక్కు, కాళ్ళు, ఎగిరినప్పుడు రెక్క మీద గీత, అది ఏం చేస్తోంది. తర్వాత పక్షుల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ చూడండి, తెలిసినవాళ్ళని అడగండి.

లెక్క ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్) పెట్టండి, అరుదైన ఒక్కటే కాదు, గుర్తుపట్టినవన్నీ. గుంపుల్ని లెక్కపెట్టాలంటే పది పక్షుల్ని లెక్కపెట్టి అవి ఎంత చోటు ఆక్రమించాయో చూసి, అలాంటి చోట్లు ఎన్నున్నాయో చూడాలి. పట్టెతల బాతు మెడకి పరిశోధకులు కట్టిన రంగు పట్టీ, దాని మీద అక్షరాలు ఉంటే రంగు, అక్షరాలు రెండూ రాసుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.

జాగ్రత్తలు

దిగిపోయిన నీటి అంచున పైన ఎండినట్టుండే బురద కింద మెత్తగా ఉంటుంది, నేను ఒకసారి మోకాలి దాకా కూరుకుపోయాను, చెప్పు అక్కడే ఉండిపోయింది. పశువుల గిట్టల గుర్తులున్న దారిలోనే నడవండి. మంజీరా అభయారణ్యంలో మొసళ్ళున్నాయి, అటవీ శాఖ అనుమతి లేకుండా నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. ఒంటరిగా వెళ్తే ఇంట్లో ఏ చెరువో చెప్పి వెళ్ళండి.

ఫొటో కోసం గుంపుని లేపకండి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన బాతు ఒంట్లో కొవ్వంతా కరిగిపోయి ఉంటుంది, మేత మేసే టైమ్‌లో నాలుగు సార్లు లేపితే దానికి ఆ రోజు తిండి లేనట్టే. పక్షులు తలలెత్తి మిమ్మల్ని చూస్తున్నాయంటే మీరు అప్పటికే దగ్గరికొచ్చేశారు, ఆగిపోండి. డ్రోన్ అసలు వద్దు.

సాయంత్రం ఉండిపోండి

నాలుగున్నరకి మళ్ళీ వెళ్ళండి, ఈసారి గడ్డి వైపు. హారియర్లు చెట్టెక్కి పడుకోవు, గడ్డిలో నేల మీదే పడుకుంటాయి, అదీ చాలాసార్లు గుంపుగా. కర్నూలు వైపు రోళ్ళపాడు మైదానాలు దీనికే పేరుపొందాయి. మీ చెరువు శిఖంలో రెండో మూడో అయినా ఉండొచ్చు. పొద్దు గుంకే పావుగంట ముందు ఒకటి వస్తుంది, గడ్డి మీద చుట్టూ తిరుగుతుంది, దిగినట్టే దిగి మళ్ళీ లేస్తుంది, ఇంకోటి వచ్చి కలుస్తుంది. కనీసం వంద మీటర్ల దూరంలో కూర్చోండి. దిగిన ప్రతిదాన్నీ లెక్కపెట్టి, మళ్ళీ లేచినదాన్ని తీసేయండి. చీకటి పడ్డాక టార్చ్ గడ్డి వైపు వేయకుండా, మీ కాళ్ళ ముందు నేల మీదే వేసుకుంటూ, వచ్చిన దారిలోనే వెనక్కి నడవండి.